పదహారు చుక్కల ఎత్తు

"ఏంది ఇది? అక్షరమా, చీమలు పట్టిన బెల్లమా?"

హిందీ రాష్ట్రం అంచున తెలుగు మాట్లాడే భోపాలపట్నం బస్టాండులో, కొత్త బోర్డు కింద ఎవడో అన్న మాటకు అందరూ నవ్వారు.

ఉమామహేష్ నవ్వలేదు.

ఎర్రచుక్కలు వెలిగి, రాబోయే బస్సు ఏ ఊరిదో చూపే బోర్డు అది. కంపెనీ హిందీ అక్షరాలిచ్చింది, ఇంగ్లీషువి ఇచ్చింది. తెలుగు మాత్రం దాని కంటికి ఆనలేదు. మా జనానికి బస్సులు తప్పిపోతున్నాయి మొర్రో అని ఏడాది అర్జీలు పెట్టి పెట్టి, ఆఖరికి ఉమామహేష్ తానే గళ్లకాగితం మీద చుక్కలు నింపుతూ కూచున్నాడు.

ఎత్తు పదహారు చుక్కలే. వత్తు పడిందా, ముద్దే.

"మూడింటికి వస్తా. జనం చదివితే ఉంచుతా, లేకుంటే తెలుగు తీసెయ్," అని చెప్పి పోయాడు బస్టాండు సాహెబ్.

పక్కన మూట మీద కూచున్న ముసలామె తొంగిచూసింది.

"ఈ చుక్క ఎందుకయ్యా?"

"పని చేసుకోనీ పెద్దమ్మా."

ఆమె ఊరుకోలేదు. అతను పెన్నుతో రాసుకున్న ఊళ్ల పట్టీ చూసింది. చుక్కలు చూసింది.

"కిందిది ముద్దయింది. ఈ రెండూ తీసెయ్. ఇక్కడ జర ఎడం ఇయ్యి."

విసుక్కుంటూనే తీసి, బోర్డుకు ఎక్కించాడు.

బోర్డు మీద తర్లగూడ ఊరి పేరు కడిగినట్టు వెలిగింది!

"టీచరమ్మగా చేశావా పెద్దమ్మా?"

"మాటలెందుకు, తర్వాతిది తియ్యి."

రెండున్నరకల్లా పద్నాలుగు ఊళ్లు దిద్దించింది.

మూడింటికి సాహెబ్ వచ్చాడు. దారినపోయే ముగ్గురిని ఆపి చదవమన్నాడు. ముగ్గురూ తడుముకోకుండా చదివారు.

"బహుత్ బఢియా! ఇంక కండక్టర్ల అరుపులు బంద్. బోర్డు చాలు."

చప్పట్లు. ఫోటోలు.

ముసలామె ఉమామహేష్ చొక్కా పట్టి లాగింది.

"అయ్యా, ఇప్పుడు పడ్డది ఏ ఊరు?"

"నాకే పరీక్షా? దిద్దినదానివి నువ్వే, చదువు!"

నవ్వేసి ఫోటోకి పోయాడు.

బోర్డు మీద మద్దేడు మూడుసార్లు వెలిగింది. బస్సు వచ్చింది. ఎవరూ అరవలేదు. వెళ్లిపోయింది.

ఫోటోలయ్యాక ఆమెకు టీ ఇప్పిద్దామని వచ్చాడు. మూటా లేదు, మనిషీ లేదు.

"ఆ పెద్దమ్మ ఏది సోమక్కా?" టీ కొట్టామెను అడిగాడు.

"మద్దేడు బస్సు తప్పింది. ఇయ్యాల్టికి అదే ఆఖరిది. నడక పట్టింది."

"అంత పెద్దగా బోర్డు మీద పడింది కదా!"

సోమక్క గ్లాసు కడగడం ఆపి అతని వంక చూసింది.

"ఆ పెద్దమ్మ భీమేకు అక్షరమ్ముక్క రాదు తమ్మీ, జనం కాగితం మీద రాసిచ్చే పేర్లు చూసి వాళ్ల చేతులకు పచ్చబొట్లు పొడుస్తది, చుక్క ఎక్కువైతే మనిషికి నొప్పని ఒక్కటీ ఎక్కువ పెట్టదు."