మూడో ఫొటో

“ఈ మూల నల్లగా ఏదో మచ్చ పడింది. ఎడిట్‌లో తీసేస్తా,” అన్నాడు స్టాన్లీ, కంప్యూటర్ మీదికి వంగి.

కె.ఆర్.పురంలోని తన ఫ్లాటు హాల్లోంచి, కిటికీ అవతల తెల్లవారుతున్న చెరువును అతను రోజూ మూడుసార్లు ఫొటో తీస్తాడు. ఆకాశం కోసం ఒకటి, నీళ్ల కోసం ఒకటి, చీకటిగా ఉండే హాలు కోసం బాగా వెలుతురు పట్టేది ఒకటి. మూడింటినీ కలిపి, అంచులు కత్తిరించేస్తాడు. ఇవాళే కత్తిరించకుండా చూస్తున్నాడు.

భార్య సుగుణ కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, తెరవైపు చూసింది.

“అది మచ్చ కాదండీ. నేను.”

అతను మూడో ఫొటో తెరిచి పెద్దది చేశాడు. కిటికీ పక్క చీకటి మూలలో, గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి తీసుకుని సుగుణ కూర్చుని ఉంది.

“పడుకున్నావనుకున్నా. ఇది ఇరవై సెకన్ల ఫొటో. కాస్త కదిలినా మసగ్గా పడేదానివి.”

“కదలడానికేముంది.”

“రోజూ అక్కడే కూర్చుంటావా?”

“పాప పోయినప్పటినుంచీ. మీరు స్టాండు పెట్టుకునే చప్పుడు వింటూనే ఉంటా. తీసెయ్యండి, చెరువు బాగా వచ్చింది.”

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

స్టాన్లీ నిన్నటి మూడో ఫొటో తెరిచాడు. ఉంది. మొన్నటిది తెరిచాడు. ఉంది. కాఫీ మీద మీగడ కట్టింది. అలా వెనక్కి వెళ్లి వెళ్లి, పాప పోయిన వారానికి, కెమెరా కొన్న మర్నాడు తీసిన మొట్టమొదటి ఫొటో దగ్గర ఆగాడు.

మిగతా అన్నింట్లో నేలకేసి చూస్తున్న సుగుణ, అందులో మాత్రం అతని వైపు చూస్తోంది.