పాడు పాట

“ఆ మిషను ఆపితే నాన్న ఆగిపోతాడు. ఆపకపోతే నా పాట ఆగిపోతుంది. ఏం చెయ్యమంటావ్?” అన్నాడు గిటారిస్టు.

“పాటే ఆపండి. దానికి ఊపిరాడకపోతే ఎవరూ ఏడవరు,” అంది భార్య వంటింట్లోంచి. “ఆయన్ని ఆస్పత్రికి తిప్పేదాన్ని నేను. చెబుతున్నా, ఆ మిషను జోలికి పోకండి. మీరు పాడేలోపు పాడె లేస్తుంది.”

టైము నాలుగు. ఐదింటికల్లా పాట బ్యాండు లీడరుకి చేరాలి. సొంత మాటలు, సొంత బాణీ, నెమ్మదిగా సాగే పాట. ఐదు దాటిందా, పాటా అక్కర్లేదు, పాడేవాడూ అక్కర్లేదు. అతని చోట్లో నిలబడడానికి ఇంకొకడు గిటారు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. వాళ్లది రాక్ బ్యాండు. రాక్ అంటే బండ. లీడరు గుండె కూడా ఆ క్వారీ సరుకే.

ఇల్లంటే ఒక గది, దానికో వంటిల్లు. గదిలో ఓ మూల కంప్యూటరు బల్ల, చీపురుకర్రకు కట్టిన మైకు, మైకుకి తొడిగిన మేజోడు. కిటికీకి రెండు దుప్పట్లు, వీధి తలుపుకి పరుపు. ఫ్యాను ఆపాడు. ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. కారే కుళాయి కింద గుడ్డ పరిచాడు. ఇన్ని నోళ్లు మూయించినా ఒక్కటి మాత్రం మూతపడలేదు. నాలుగడుగుల అవతల, నాన్న మంచం పక్కన, ఆక్సిజన్ మిషను. గుయ్యిమని అది తీసే రాగం ముందు ఇతని రాగం నిలవడం లేదు.

“ఆపుకోరా,” అన్నాడు నాన్న, ముక్కులో గొట్టాలతోనే. “నాలుగు నిమిషాలేగా. నీ పాట ముఖ్యం. నా పాట్లు ఎప్పుడూ ఉండేవే.”

“నిజంగా ఉండగలవా నాన్నా?”

“ఉంటే ఉంటా. లేదా నీ పాట వింటూ పోతా.”

“మామయ్యగారూ, అలాంటి చావు పగవాడికి కూడా వద్దు!” వంటింట్లోంచి గరిటె చప్పుడుతో సహా వచ్చింది జవాబు.

మిషను ఆపాడు. తీగలు మీటి, కళ్లు మూసుకుని అందుకున్నాడు.

“నా ఊపిరంతా నీదే... తీసుకో...”

పల్లవి దాటకముందే నాన్న దగ్గాడు. పరుగెత్తి మిషను వేశాడు. రెండోసారి మొదటి చరణం దాకా వచ్చాడో లేదో, మంచం మీద నాన్న చరణాలు రెండూ టపటపా కొట్టుకున్నాయి. మళ్లీ పరుగు, మళ్లీ మిషను.

అంతలో లీడరు ఫోను. “పొద్దున పంపిన పల్లవి విన్నా. ఇంకా నెమ్మదిగా కావాలి బాసూ. ఆరు నిమిషాలకి సాగదియ్.”

“ఆరా? ఇక్కడ మా నాన్నకి ఊపిరి...”

“మీ నాన్న మన బ్యాండులో లేడుగా?”

పాట ఎంత నెమ్మదిస్తే నాన్నకి అంత నెమ్మది తప్పుతుంది. గడియారం చూశాడు. నాలుగూ యాభై రెండు. మిగిలింది ఒక్క ప్రయత్నం.

“నాన్నా, ఆరు నిమిషాలట.”

నాన్న పైకప్పుకేసి చూశాడు. “ఆరే!” అన్నాడు. అంతే.

ఈసారి పాట ఎప్పుడూ రానట్టు వచ్చింది. గొంతు వణకాల్సిన చోట తనంతట తానే వణికింది. దగ్గు లేదు, కాళ్ల చప్పుడు లేదు. ఐదో నిమిషం దాటింది. ఇక ఆఖరి పల్లవి ఒక్కటే. కళ్లు తెరిచాడు.

నాన్న నోరు తెరుచుకుని ఉంది. చెయ్యి గొంతు మీద ఉంది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. చిన్న శబ్దం కూడా లేదు. కొడుకు పాట చెడకూడదని దగ్గుని సైతం మింగేస్తున్నాడు.

ఇంకో నలభై సెకన్లు. నలభై అంటే నలభై.

“నా ఊపిరంతా...” అన్నాడు. వేళ్లు ఇంకో తీగ మీటాయి, సిగ్గులేకుండా. అంతే, గిటారు విసిరేసి లేచాడు. వెనక ఫెళ్లున దాని మెడ విరిగింది. మిషను వేసి, గొట్టాలు సర్ది, నాన్న గుండె రుద్దుతూ కూర్చున్నాడు. “తీసుకో నాన్నా, ఊపిరి తీసుకో...”

ఐదూ ఒకటికి ఫోను మోగింది.

“ఆఖరి పల్లవి ఒక్కటే మిగిలింది. పది నిమిషాలివ్వు, కాళ్లు పట్టుకుంటా!”

“లేటైపోయావు బాసూ. లేటైనవాడి పేరు ముందు మేం ‘లేట్’ అని రాసేసుకుంటాం,” అని పెట్టేశాడు లీడరు. ఇరవై ఏళ్ల బ్యాండు రెండు వాక్యాల్లో అయిపోయింది.

అతను ఫోను పక్కన పడేసి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. ఏడుస్తూనే నవ్వాడు. “పోతే పోయింది నాన్నా. నువ్వు దక్కావు, అది చాలు.”

“మరి పాట?” అన్నాడు నాన్న నీరసంగా.

“ఇంక పాడను.”

“రేపో ఎల్లుండో మనసు లాగితే?”

“లాగినా సరే. నీ మీద ఒట్టు, ఈ జన్మలో పాడను.”

నాన్న లేచి కూర్చున్నాడు. ముక్కులోంచి గొట్టాలు పీకి, మిషను తనే ఆపి, వంటింటి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

“అమ్మాయ్! ఇంక దాచక్కర్లేదు, మిషను వాళ్లని వచ్చి పట్టుకుపొమ్మను. నా జబ్బు మానిందని డాక్టరు చెప్పి ఇరవై రోజులైంది. వీడి జబ్బు ఇప్పుడే మానింది!”