పాస్‌వర్డ్ అడగని కంప్యూటర్

తెర మీద మళ్లీ ఆ చిన్న పెట్టె వచ్చి కూర్చుంది. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టమంటోంది.

"సుధీర్ భాయ్, జెర జల్దీ రా! కొత్త ప్రింటర్ ఎక్కుతలేదు" దశరథ్ కేకేశాడు.

పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీ డిస్పాచ్ ఆఫీసులో తొమ్మిది కంప్యూటర్లున్నాయి. అన్నింటినీ చూసుకునేది సుధీర్ ఒక్కడే. అతను ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"అటు తిరుగన్నా."

దశరథ్ గోడవైపు తిరిగాడు. వెనక నుంచి టకటకమని పాస్‌వర్డ్ కొట్టిన చప్పుడు. పదమూడేళ్ల సర్వీసున్న మనిషిని బడిపిల్లాడిలా గోడకు తిప్పుతారా? ఒళ్లు మండిపోయింది.

అంతకన్నా మండించేది పక్క టేబులు. అక్కడ రమ్యశ్రీ కూర్చుంటుంది. చేరి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఆమె సుధీర్‌ను ఒక్కసారి కూడా పిలవలేదు. పైగా సుధీరే టీ గ్లాసు పట్టుకుని ఆమె టేబులు దగ్గరికి వెళ్లి, తీరిగ్గా నవ్వుతూ కబుర్లు చెబుతాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో, అదే ఆఫీసులో పనిచేసే వనజ ఎదురుగా దశరథ్ టిఫిన్ డబ్బా తెరిచాడు.

"వనజక్కా, ఆ రమ్యశ్రీ సుధీర్‌ను పిలువంగ ఎన్నడన్న సూసినవా?"

"లేదు."

"అంటే ఏంది? పాస్‌వర్డ్ ఆమె చేతులనే ఉన్నది. నరసరాజు సారే ఇప్పించి ఉంటడు. ఇద్దరిది ఒక్క జిల్లానట."

"ఏమో దశరథ్, నాకేం తెల్వది. పప్పు ఏసుకుంటవా?" వనజ గబగబా మాట మార్చింది.

దశరథ్‌కు అన్నం సయించలేదు. డిస్పాచ్ ఇన్‌ఛార్జి వెంకటేశం ఈ నెలాఖరున రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ తనదేనని దశరథ్ ఇంట్లో చెప్పేశాడు. అత్తగారింట్లోనూ చెప్పేశాడు. ప్లాంట్ హెడ్ నరసరాజు మాత్రం పాస్‌వర్డ్ నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చేతిలో పెట్టాడంటే, రేపు కుర్చీ ఎవరికిస్తాడో వేరే చెప్పాలా?

ఉండబట్టలేక సాయంత్రం ఆమెనే అడిగేశాడు.

"ఏమ్మా, నీ కంప్యూటర్ నిన్నేం అడుగదా?"

రమ్యశ్రీ నవ్వింది. "నేను దాన్నేమీ అడగను కదండీ. అదీ నన్నేమీ అడగదు."

ఎంత పొగరు! ఇంటికి పోతూ ఇస్నాపూర్ చౌరస్తా దాటినా ఆ మాట చెవుల్లోంచి పోలేదు.

ఈమధ్య ఆఫీసులో సుధీర్ కోసం కేకలు బాగా తగ్గాయి. దశరథ్ గొంతొక్కటే వినిపిస్తోంది. అది కూడా అతనికి అవమానంగానే తోచింది.

సోమవారం జిన్నారం నుంచి రెండు నాటుకోళ్లు తెచ్చి సుధీర్ బండికి తగిలించాడు.

"ఏందన్నా ఇది?"

"పాస్‌వర్డ్ చెప్పు తమ్మీ. నీకు పరేషాన్ తప్పుతది, నాకు ఇజ్జత్ దక్కుతది."

సుధీర్ కోళ్ల వంక చూశాడు, అటూ ఇటూ చూశాడు, చిన్న చీటీ మీద గీకి ఇచ్చాడు. "నీ ఒక్కనికే ఇస్తున్న. ఎవ్వరికీ చెప్పకు. పనైనంక మళ్ల నీ మామూలు అకౌంట్లకే రావాలె, మర్చిపోకు."

"నా మీద ఒట్టు."

ఒట్టు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. మామూలు అకౌంట్‌కు తిరిగి రానేలేదు. రోజూ పొద్దున కంప్యూటర్ తెరిస్తే 'అడ్మినిస్ట్రేటర్' అని తన తెర మీదే పడుతుంటే, సగం ప్రమోషన్ వచ్చినట్టే ఉంది. ఉత్తరాలు, మెయిళ్లు, క్రికెట్ స్కోరు, అన్నీ అందులోనే చూశాడు. అయినా పక్క టేబులు చూస్తే మంట చల్లారలేదు. తనకు వచ్చింది సరే, ఆమెకెందుకుండాలి?

శుక్రవారం 'లారీ డ్రైవర్ల కొత్త జాబితా' అని మెయిల్ వచ్చింది. తెరిచాడు. నల్లటి పెట్టె ఒకటి తళుక్కుమని మాయమైంది. ఇదివరకైతే పాస్‌వర్డ్ అడిగేది. ఇప్పుడు ఏమీ అడగలేదు. దశరథ్‌కు ముచ్చటేసింది.

శనివారం పొద్దున వచ్చేసరికి ఎనిమిది తెరలు ఎర్రగా ఉన్నాయి. ఫైళ్లన్నీ తాళాలు పడ్డట్టు బిగుసుకుపోయాయి. గేటు దగ్గర లారీలు వరసగా ఆగిపోయాయి. రమ్యశ్రీ కంప్యూటరొక్కటే నడుస్తోంది. ఆమె దించిన తల ఎత్తకుండా గేట్ పాసులు తీస్తూనే ఉంది.

దశరథ్‌కు నిన్న తెరిచిన డ్రైవర్ల జాబితా గుర్తొచ్చింది.

నరసరాజు అందరినీ నిలబెట్టాడు. "అడ్మిన్ పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాళ్ల వల్లే వైరస్ ఇంత దూరం వచ్చిందట. ఎవరి దగ్గరుందో చెప్పండి."

వనజ తన చెప్పుల వంక చూసుకుంటోంది.

దశరథ్ ముందుకొచ్చాడు. భయమూ అసూయా కలిసి మాట దానంతటదే వచ్చేసింది.

"అందరియి పోయి ఈమెదొక్కటే ఎట్ల నడుస్తున్నది సార్? పాస్‌వర్డ్ ఈమె దగ్గరున్నది. రెండేండ్ల సంది సుధీర్‌ను ఒక్కపారి పిలువలే. గీ ఆఫీసుల ఎవరినన్న అడుగుండ్రి."

"నేనా?" రమ్యశ్రీ లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకేమీ తెలీదు సార్."

"విచారణ అయ్యేదాకా మీరు రావద్దు. ఐడీ కార్డు ఇటివ్వండి" అన్నాడు నరసరాజు.

ఆమె మెడలోంచి కార్డు తీసింది. దశరథ్‌కు వెంకటేశం కుర్చీ మరీ దగ్గరగా కనిపించింది. ఆ పిల్ల ముఖం చూడకుండా గోడవైపు తిరిగాడు.

నరసరాజు సుధీర్‌ను పట్టుకున్నాడు. "నిజం చెప్పు. పాస్‌వర్డ్ ఈ అమ్మాయికి కాక ఇంకెవరికిచ్చావు?"

సుధీర్ తలెత్తాడు.

"ఈమెకు తప్ప అందరికిచ్చిన సార్."