తప్పు సంఖ్య

ఇలా దగ్గరికి జరుగు చిట్టితల్లీ, ఒక అమ్మాయి సంగతి చెబుతాను.

“మళ్లీ నూట పదకొండేనా?” అన్నారు మాస్టారు, పక్క కుర్చీలోంచి తొంగిచూసి. ఆఫీసులో అందరికన్నా పెద్దాయన, అందుకే ఆ పేరు.

“ఏం చేసినా అదే మాస్టారూ. వైరు పీకినా నూట పదకొండే, లేని నంబరుకు కొట్టినా నూట పదకొండే.”

ఆ అమ్మాయి పని లైబ్రరీలో. పుస్తకాలది కాదు, కంప్యూటర్లన్నీ ఆనుకుని బతికే చిన్న చిన్న ప్రోగ్రాముల మూట. ఫోన్ కలవకపోతే ఎందుకు కలవలేదో అది ఒక సంఖ్యలో చెప్పాలి. నూట పదకొండు అంటే అవతలివాళ్లు వద్దన్నారని.

ఆమె ఫోన్లన్నీ కంప్యూటర్‌లోంచే, ఆ లైబ్రరీ మీదుగానే. నాలుగేళ్లుగా తల్లికి చేసినప్పుడల్లా ఆ సంఖ్యే వచ్చింది. తండ్రి పోయిన రోజున ఆఫీసు వదిలి రాలేకపోయింది మరి. మొదట్లో ఏడ్చేది. తర్వాత గోళ్లు కత్తిరించుకున్నట్టు వారానికోసారి నొక్కి, సంఖ్య చూసి, మూసేసేది.

మధ్యాహ్నానికి తప్పు దొరికింది.

“చూడండి. ఫోన్ కలవని కారణం చేతికి రాగానే ఇది, జరిగిందంతా రాసిన చిట్టా పంపడానికి పోతోంది. ఆ చిట్టా పుచ్చుకునే ప్రోగ్రామును ఎప్పుడో ఆపేశారు. వద్దంటున్నది అది! దాని సంఖ్య మీద పడి అసలు కారణం చెరిగిపోతోంది.”

“అచ్చం మా ఆవిడే. నా మీద కోపమెందుకో చెప్పబోయి వంటింట్లోకి వెళ్తుంది, తిరిగొచ్చి గిన్నెల మీద కోపమంటుంది. ముందు ఆ సంఖ్యను పక్కన దాచమ్మాయ్, తర్వాత చిట్టా.”

ఒక్క లైను మార్చింది. తల్లికి చేసింది. ఈసారి వేరే సంఖ్య: ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదు.

“అంటే అమ్మ వద్దనలేదు,” అంది, ఎవరో పరాయివాళ్ల సంగతి చెబుతున్నట్టు.

“ఇంకా కూర్చున్నావేం? బయల్దేరు,” అన్నారు మాస్టారు.

మర్నాడు తలుపు తల్లే తీసింది.

“నీ నంబరు పోయిందా అమ్మా?”

“పోయిందే.”

“నేనేమో నువ్వే నన్ను వద్దంటున్నావనుకున్నా.”

“పిచ్చిదానా, లోపలికి రా. చెప్పులు తడిసినట్టున్నాయి, అక్కడే విప్పు.”

అంతే. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసే ఎత్తలేదు.

ఇదంతా గుర్తుపెట్టుకో చిట్టితల్లీ. నేను పోయాక మీ అమ్మకు ఇలాగే చెప్పు, చివర ఈ ఒక్క ముక్కా కలిపి.

తను ఫోన్ చేయకూడదనే, నేనే ఆ నంబరు రద్దు చేయించాను.