మందార దొంగ

దొంగ ఈ బస్సులోనే ఉందని అచ్చాయమ్మకి తేలిపోయింది.

బస్సు ఇంగ్లండు పల్లెల మీదుగా తీరిగ్గా పోతోంది. రెండు పక్కలా నడుమెత్తు రాతిగోడలు, వాటి వెనక పచ్చిక, పచ్చికలో గొర్రెలు. "అచ్చం మన కోనసీమేనండి, కొబ్బరిచెట్లు లేవంతే," అంటున్నారెవరో ముందు సీట్లో. గైడు ఏ వైపు చెయ్యి చూపిస్తే ఆ వైపుకి ముప్ఫై ఫోన్లూ తిరుగుతున్నాయి.

అచ్చాయమ్మ ఫోను మాత్రం తిరగలేదు. అందులో నిడదవోలులోని ఆవిడ పెరటి గోడ కనిపిస్తోంది.

"చూడండి," అని దాన్ని భర్త ముక్కు కింద పెట్టింది. "మనం వచ్చి పన్నెండు రోజులైంది. ఒక్క మందారమూ పోలేదు. పూసినవి పూసినట్టే చెట్టుమీద వాడిపోతున్నాయి. రెండేళ్ళుగా తెల్లారేసరికి ఉత్త కొమ్మలు మిగిల్చే దొంగ ఉన్నట్టుండి మానేసిందా?"

"మారిందేమోనే," అన్నాడు శివరామకృష్ణ.

"మారలేదు. మనతోపాటు టూరుకొచ్చింది."

బయల్దేరే ముందురోజే ఆ కెమెరా పెట్టించింది. పువ్వులకి కెమెరా ఏంటని ఆయన ఎంత గొణిగినా వినలేదు.

బస్సులో వాళ్ళ వీధి మనిషి ఇంకొక్కతే ఉంది, ఎదురింటి పావని. రెండు సీట్ల ముందు నిలబడి అందరికీ జంతికలు పంచుతోంది.

"పావనీ, మీ మందారం ఎలా ఉందమ్మా?" అని తీయగా అడిగింది అచ్చాయమ్మ.

"వీధందరికీ మీరిచ్చిన కొమ్మలేగా పిన్నిగారూ! విరగబూస్తోందండి. ఎవరూ ముట్టుకోరు కూడా."

"విన్నారా?" అంది అచ్చాయమ్మ భర్త చెవిలో. "సొంతింట్లో ఎవరైనా దొంగతనం చేసుకుంటారా? భోజనాల దగ్గర అందరి ముందూ కడిగేస్తాను. మళ్ళీ మన వీధిలో తలెత్తుకుని తిరక్కూడదు."

శివరామకృష్ణ జంతిక కొరకబోయి ఆగిపోయాడు.

బస్సు ఒక చిన్న ఊళ్ళో ఆగింది. ప్రతి ఇంటి గోడ మీంచీ గులాబీలు రోడ్డులోకి వంగి ఉన్నాయి. అచ్చాయమ్మ బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది.

"ఏవండీ, అలా ఒక రౌండు వేసి రండి. హోటల్లో అమ్మవారి పటం బోసిగా ఉంది. నాలుగు గులాబీలు చాలు."

"ఒసేయ్, ఇక్కడ దీన్ని దొంగతనం అంటారే!"

"అమ్మవారికి కోస్తే దొంగతనం ఏంటండీ? అక్కడ మీరు రోజూ చేసేదేగా."

షుగరొచ్చి డాక్టరు నడవమన్నప్పటినుంచీ శివరామకృష్ణ రోజూ తెల్లారకముందే కవరు పట్టుకుని వాకింగుకి వెళతాడు. గంటన్నర తర్వాత కవరునిండా మందారాలతో తిరిగొస్తాడు. ఎవరి గోడ మీంచి కోశారని అచ్చాయమ్మ ఏనాడూ అడగలేదు. ఒక్కో పువ్వూ పటం ముందు పెడుతూ, తన చెట్టు దోచిన చేతులు పడిపోవాలని మాత్రం భక్తిగా దణ్ణం పెట్టుకుంటుంది.

అరగంటకి శివరామకృష్ణ ఖాళీ కవరుతో వచ్చాడు. అంత చలిలోనూ మొహమంతా చెమట.

"గోడదాకా వెళ్ళానే. లోపలినుంచి ఓ ముసలావిడ నవ్వుతూ చెయ్యూపింది. ఇక కాళ్ళాడలేదు."

"నిడదవోలంతా దులుపుకొచ్చే మనిషికి నాలుగు గులాబీలు బరువైపోయాయా!"

అప్పటికే టూరువాళ్ళంతా పచ్చికలో గుండ్రంగా కూర్చుని పులిహోర తింటున్నారు. అచ్చాయమ్మ ఫోను పట్టుకుని మధ్యలోకి నడిచింది.

"అందరూ ఒక్కమాట వినండి. పావనీ, నువ్వొకసారి లేచి నిలబడమ్మా."

తన జంతికల గురించి నాలుగు మంచి మాటలు చెబుతుందనుకుని, పావని సిగ్గుపడుతూ లేచింది.

శివరామకృష్ణ పరుగున వెళ్ళి భార్య కొంగు పట్టుకుని, చెవిలో గబగబా చెప్పాడు.

"కూర్చోవే, నీకు దణ్ణం పెడతాను! పరాయి గోడ మీద చెయ్యి వెయ్యాలంటే నాకు అక్కడా కాళ్ళాడవు. రోజూ మన పెరటి వెనక్కి పోయి కవరు నింపుకుని, స్టేషను దగ్గర టీ కొట్లో గంటసేపు కూర్చుని, నీ చెట్టు పువ్వులే తెచ్చి నీకిస్తున్నాను."