పక్క కారు మోత

"గ్లోవు తీసుకో నాన్నా," అంటూ జోలీన్, రేసు కారులో కూర్చున్న డెల్బర్ట్ ముఖం ముందుకు చెయ్యి చాపింది.

అతను దానికి జానెడు పక్కన గాలిలో తడిమాడు.

అమెరికాలోని పొమోనాలో, రెండేసి కార్లు పక్కపక్కన తిన్నగా దూసుకెళ్ళే పందేల్లో అది సీజన్లో ఆఖరిది. గెలిస్తే డెల్బర్టే ఛాంపియన్. ముందున్న జత వెళ్ళగానే వీళ్ళ వంతు. గ్లోవు అతని చేతిలో పెట్టి బెల్టులు బిగించబోయిన జోలీన్ చేతులు ఆగిపోయాయి.

"ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాను?"

"పందెం ముందు ఈ పిల్లాటలేంటే?"

"చెప్పు నాన్నా."

అతను చెయ్యి చాపి ఆమె వేళ్ళు తడమబోయాడు.

వేసవి నుంచీ ప్రతి పందెంలోనూ అతను ఆలస్యంగానే కదులుతున్నాడు. కారు జోరు మీదే ఇంతదాకా నెగ్గుకొచ్చారు. "పచ్చదీపం వెలిగినా నిద్రపోతున్నావేం, ముసలోడా?" అని ఆమె అందరి ముందూ వెక్కిరించేది. అతనూ నవ్వేవాడు.

"దీపం కనపడకుండా ఎలా బయల్దేరుతున్నావు?"

"పక్క కారు మోత పెరగ్గానే తొక్కేస్తాను. దారి తిన్నగానే ఉంటుంది కదా."

"పక్కన గోడ కూడా ఉంటుంది నాన్నా."

"ఇదొక్కటీ పోనీవే తల్లీ. బతుకంతా ఈ కప్పు కోసమే కదా."

జోలీన్ ఏడుస్తూనే బెల్టులు విప్పేసింది. తప్పుకుంటున్నామని అక్కడున్న అధికారికి చేత్తో సైగ చేసింది.

డెల్బర్ట్ స్టీరింగ్ మీంచి చేతులు తీశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

"జనం చూస్తున్నారా?"

"అందరూ చూస్తున్నారు."

"అయితే నడిపించుకుపో. నడిపిస్తున్నట్టు మాత్రం కనపడనీకు."

ఆమె అతని భుజాల చుట్టూ చెయ్యి వేసి, గెలిచినవాణ్ణి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళింది.