తొమ్మిదో నంబరు

“మోచెయ్యి లోపలికి పెట్టరా కోటీ. బస్తా ఇసిరినట్టు ఇసరకు” అన్నాడు సన్యాసి.

కోటిబాబు మళ్ళీ విసిరాడు. బంతి గోడకు బిగించిన ఇనప రింగుకు ఆమడ దూరంలోంచి పోయి, గిడ్డంగి కప్పు మీద పడి, అక్కడే కూర్చుంది.

“బావా, పదిరోజుల్లో నన్ను బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణి సేసీడం నీ వల్ల కాదు.”

“ఆటగాడివి అవక్కర్లేదురా. ఆటగాడిలాగ కనిపిత్తే సాలు.”

సన్యాసి పనిచేసే కాలేజీ బాస్కెట్‌బాల్ కప్పు గెలిచింది ఒక్కసారే, ఇరవై రెండేళ్ళ కిందట. గెలిపించినవాడు తొమ్మిదో నంబరు చొక్కా వేసుకున్న థేన్ ల్విన్ అని కాలేజీ లెక్క. పేరు బర్మాదైనా కుర్రాడు తెలుగువాడే. యాంగోన్ తెలుగువాళ్ళకు ఇంట్లో ఒక పేరు, బళ్ళో ఒక పేరు మామూలే కదా. ఆనాడు ఓడిపోయిన కాలేజీవాళ్ళు ఇన్నాళ్ళకు తీరుబడి చిక్కి, ఓ ఉత్తరం రాశారు. ఆ రోజు ఆడింది మీ విద్యార్థే అయితే మనిషిని చూపించండి, లేదా కప్పు తిరిగివ్వండి అని. అక్కడ పంతులమ్మను సయామా అంటారు; కొత్త ప్రిన్సిపాల్ సయామా సన్యాసిని పిలిచి, వార్షికోత్సవానికి థేన్ ల్విన్ రాకపోతే కప్పుతోపాటు నువ్వూ బయటికి నడుస్తావని చల్లగా చెప్పింది.

ఆవిడ కోపానికి కారణం లేకపోలేదు. పాత కాగితాలు సన్యాసి అధీనంలోనే ఉండేవి. జట్టు ఫొటోను చెదలు తిన్నది అతని బీరువాలోనే. పాతికేళ్ళ కిందట ఆ హాలు ఊడ్చే పనికి చేరినవాడు, ఊడుస్తూ ఊడుస్తూ నీళ్ళ క్యాన్లు మోసే దాకా, అక్కణ్ణుంచి చొక్కాలు ఉతికించే దాకా వచ్చి, చివరికి టీమ్ మేనేజర్ అనిపించుకున్నాడు. నీళ్ళ క్యాన్లు మాత్రం ఇప్పటికీ అతనే మోస్తున్నాడు.

“నిజం థేన్ ల్విన్ ఏడీ?” అని కోటిబాబు అడిగాడు.

“ఆ ఏడే సేక్కాన్ రేవులో ఓడెక్కి ఎల్లిపోనాడు. మరి రాలేదు.”

“కోచ్?”

“పోనాడు. జట్టులో మిగతా గుంటలు తలో దేశం పట్టీసేరు.”

“అయితే ఎవుడో ఒకణ్ణి సూసుకో. నన్నొదిలీ.”

అప్పుడు సన్యాసి భార్య దేముడమ్మ కలగజేసుకుంది. “ఒరే తమ్ముడా, మీ బావ ఉద్యోగం పోతే మేం నలుగురం నీ ఇంటికే వొచ్చీడం. ఆలోసించుకో.”

అక్క సంగతి తెలిసినవాడు గనక కోటిబాబు ఆలోచించుకోలేదు. వెంటనే ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాక అతనికి వేషం ఒంటబట్టింది. మూడోనాటికి బూట్లు కొన్నాడు. ఐదోనాటికి కాస్త కుంటడం మొదలుపెట్టాడు, పాత దెబ్బ అట. సాయంత్రాలు బావ చెబుతుంటే ఫైనల్ కథంతా నోటికి పట్టాడు.

“మూడే సెకన్లున్నాయి. మనం ఒక పాయింటు ఎనకున్నాం. ఆళ్ళ కేప్టెను నీ మీద కొండలాగ పడిపోతన్నాడు. నువ్వు ఎగిరి, గాల్లో ఉండగానే ఇసిరీసేవు.”

“ఇంత ఇదిగా నీకెలాగ తెలుసు బావా?”

“తడిగుడ్డ పట్టుకుని గీత పక్కనే ఉండీవోణ్ణి గదరా. నేల తుడిసీవోడికి కనిపించినంత ఇంకెవుడికీ కనిపించదు.”

తొమ్మిదోనాడు సన్యాసి మొహం వేలాడేసుకుని వచ్చాడు. వార్షికోత్సవానికి ముఖ్య అతిథి జగదీశ్వరరావట. మింగళాడోన్‌లో లారీల యజమాని. ఆనాడు ఓడిన జట్టు కెప్టెన్. నలభై నిమిషాలపాటు తొమ్మిదో నంబరును అంటిపెట్టుకుని కాపలా కాసినవాడు. మనిషిని గుర్తుపట్టడానికే సయామా ఆయన్ని పిలిపించింది.

“ఆయన కాదంటే?” అన్నాడు కోటిబాబు.

“మన పని అయిపోనట్టే.”

“నానూ ఓడెక్కీనా బావా?”

మర్నాడు హాలు కిటకిటలాడింది. తొమ్మిదో నంబరు చొక్కాలో, బిగపట్టిన పొట్టతో కోటిబాబు వేదిక మీద నిలబడ్డాడు. కింద, నీళ్ళ బల్ల వెనక సన్యాసి తల వంచుకుని గ్లాసులు సర్దుతున్నాడు. సర్దిన గ్లాసులనే మళ్ళీ సర్దడం కోటిబాబుకు అంత దూరానికీ కనిపించింది. పాపం, పాతికేళ్ళ చాకిరీ అనిపించి కళ్ళు చెమర్చాయి.

జగదీశ్వరరావు దగ్గరికి వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తీసి చూశాడు. కోటిబాబు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత హాలంతా నింపాదిగా పరికించి, మైకు అందుకున్నాడు.

“నన్ను ఓడించిన మనిషి ఈ హాల్లోనే ఉన్నాడు. అతని మొహం చచ్చేదాకా మరచిపోను. ఆ కప్పు మీదే. మా కాలేజీకి నేను చెప్పుకుంటాను.”

చప్పట్లు మారుమోగాయి. సయామా నవ్వడం ఆ కాలేజీలో చాలామంది అప్పుడే మొదటిసారి చూశారు. ఆ ఊపులో కోటిబాబు చేతికి బంతి ఇచ్చి ఒక్కటి వెయ్యమన్నారు. వేశాడు. బంతి సయామా పక్కనున్న పూలకుండీని పడగొట్టింది. వయసు మీద పడింది పాపమని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

కోటిబాబు వేదిక దిగి బావ దగ్గరికి పరుగెత్తాడు. “గండం గడిసింది బావా. ఆయనకి సత్వారం వొచ్చీసినట్టున్నాది, నన్నే ఆడనుకున్నాడు.”

సన్యాసి తల మరింత వంచుకుని నీళ్ళ క్యాను మూత బిగించాడు. వెనకనే జగదీశ్వరరావు ఒక్కడే నీళ్ళ బల్ల దగ్గరికి వచ్చి ఆగాడు. కోటిబాబు వైపు చూడనైనా చూడకుండా, బల్ల మీదికి వంగి, గొంతు బాగా తగ్గించి సన్యాసితో అన్నాడు.

“ఓ గలాసు మంచినీళ్ళియ్యి, తొమ్మిదో నంబరూ.”